మిగులు బకెట్టు

మా ఇంట్లో నలుగురం ఉంటామని చెప్పుకోవడమే గానీ, నలుగురం ఒకచోట నిలబడేది వారానికి ఇరవై నిమిషాలు. ఆదివారం పొద్దున ఏడూ నలభై నుంచి ఎనిమిది దాకా. మా ఆయన నీళ్ల పంపుహౌసులో ఆపరేటరు, రాత్రి డ్యూటీ దిగి ఏడున్నరకి ఇల్లు చేరతాడు. మా అబ్బాయి పార్సిళ్ల గోదాములో పనిచేస్తాడు, ఎనిమిదింటికల్లా మెట్లు దిగిపోతాడు. అమ్మాయి ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియను. ఆదివారం దానికి సెలవే, కానీ ఎనిమిది దాటితే స్నేహితురాళ్లతో ఎటో పోతుంది. నేను బైండింగు షాపులో పుస్తకాలు కుడతాను. ఆదివారం నాకూ సెలవే. ఆ సెలవుని ఏం చేసుకోవాలో మాత్రం నాకింతవరకూ తెలియలేదు.

ఆ ఇరవై నిమిషాలైనా నా మీద ప్రేమ పొంగి నిలబడతారనుకునేరు. చెత్త కోసం నిలబడతారు.

ఇదంతా మా అమ్మాయి పెట్టిన చట్టం. ఏడాది కిందట చెత్త బండి నాలుగు రోజులు రాలేదు. మెట్ల మీద పెట్టిన మా సంచి చిరిగి, లోపలిదంతా జారుకుంటూ వెళ్లి కింది వాటాలో ఉండే డ్రాయింగు మాస్టారి గడప ముందు కుప్పపడింది. ఆయన రిటైరైన మనిషి, ఒక్కరే ఉంటారు. పల్లెత్తు మాట అనలేదు. చీపురు తెచ్చుకుని ఊడవబోతుంటే మా అమ్మాయి చూసి, సిగ్గుతో చచ్చిపోయి, అంతా చేత్తో ఎత్తింది. పైకొచ్చి మూడుసార్లు చేతులు కడుక్కుని, "రేపట్నుంచి ఈ ఇంట్లో ఇలా కుదరదు" అంది. దానికి ముక్కు మీదే కోపం. అది నా పోలికేనట, మా ఆయన మాట.

మర్నాటికి మూడు బకెట్లు వచ్చాయి. ఒకదాంట్లో తొక్కలూ తొడిమలూ, అవి వరండాలోని ఎరువు కుండలోకి. రెండోదాంట్లో కాగితాలూ డబ్బాలూ, అవి పాత సామాన్లవాడికి. ఎటూ పోనివి ఏవుంటాయో అవి మూడోదాంట్లోకి. దానికి మిగులు బకెట్టు అని పేరు పెట్టింది. తూకం ఆ మిగులుకే. వంటింటి గుమ్మానికి ఒక కొక్కెం కొట్టి వేలాడే కాటా తగిలించింది. పిల్లల చిన్నప్పటి ఎత్తులు గీసుకున్న వంటింటి తలుపు మీదే, ఆ గీతల పక్కన, వారం వారం బరువు పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. బిస్కెట్టు ప్యాకెట్టు విప్పితే వెనకాల నిలబడి చూసేది. నా ఇంట్లో నేను దొంగలా బిస్కెట్టు తినాల్సి వచ్చింది. కానీ ఆదివారాలు అలవాటయ్యాయి. అబ్బాయి బకెట్టు తగిలిస్తాడు. మా ఆయన కళ్లు మూసుకుని ఒక వేలితో బకెట్టు ఎత్తి చూసి, ఇన్ని గ్రాములని పందెం వేస్తాడు. తప్పితే బకెట్టు కడగాల్సింది ఆయనే. ఏడాదిలో ఆయన గెలిచింది రెండుసార్లు. నాకు కాటా చదివే ఉద్యోగం ఇచ్చారు. నేను అంకె గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఒకడు అప్పటికే స్నానాల గదిలోకి దూరి ఉంటాడు. ముగ్గురూ "రాశాం" అనాలి. రాసేది అమ్మాయే అయినా ముగ్గురూ అనాలి. అదీ చట్టమే.

ఆ ముగ్గురి గొంతులూ ఒకేసారి వినపడితే నాకు కడుపు నిండినట్టుండేది. మా ఇంట్లో మిగతా వారమంతా ఒక మనిషి తిన్న కంచం, ఇంకో మనిషి విడిచిన చెప్పులు, ఫ్రిజ్ మీద అంటించిన చీటీ, ఇవే కనిపిస్తాయి. మనుషులు కనపడరు. ఒకరు లేచేసరికి ఒకరు పడుకుని ఉంటారు. నేను సాయంత్రం తాళం తీసుకుని లోపలికొచ్చి లైటు వేసి, వంటింటి స్టూలు మీద కూర్చుని, ఎవరితో మాట్లాడాలో తెలియక ఆ తలుపు మీది అంకెలు చదువుకునేదాన్ని.

అంకెలు తగ్గుతూ వచ్చాయి. రెండున్నర కిలోలతో మొదలైంది. సబ్బు ద్రవం మానేసి బిళ్ల తెచ్చాం. పాలకి క్యాను పట్టుకెళ్లాం. మా ఆయన వాడి పారేసే రేజర్లు మాని, బీరువా పైనున్న ఇనప రేజరు దించాడు, రెండు వారాలు గడ్డం నిండా గాట్లతో తిరిగాడు. నేను షాపులో పుస్తకాల అట్టలకి వేయగా మిగిలిన క్యాలికో గుడ్డతో సంచులు కుట్టాను. కిలో అయింది. ఎనిమిది వందలైంది. ఒక ఆదివారం నాలుగు వందల డెబ్బై వచ్చింది.

ఆవేళ అమ్మాయి తలుపుకి వీపు ఆనించి నవ్వుతూ చెప్పింది. "వరసగా నాలుగు వారాలు అరకిలో లోపు వస్తే మనం గెలిచినట్టే. ఇక తూకం అక్కర్లేదు. కాటా తీసేద్దాం."

"బతికించావే తల్లీ. ఆదివారమైనా కాస్త నిద్రపోతాను" అన్నాడు వాళ్ల నాన్న.

"నేనూ ఏడున్నర బండి పట్టుకోవచ్చు" అన్నాడు అబ్బాయి.

నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఇంకా మూడే ఆదివారాలు.

తర్వాతి వారం నాలుగు వందల యాభై. ఆ తర్వాత నాలుగు వందల ముప్ఫై. ఇంకొక్క ఆదివారం. ఆ శనివారం సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు బకెట్టు తగిలించి చూస్తే నాలుగు వందల ఇరవై ఉంది. ఎనభై గ్రాములు చాలు, గండం గడిచిపోతుంది. ఇంట్లో పారేసేదేమైనా దొరుకుతుందేమో అని అలమరలన్నీ దులిపాను. బొత్తాల డబ్బా చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను. పిడి వదులైన కత్తెర తీశాను, పెట్టేశాను. ఏడాదిపాటు ఏదీ పారేయకూడదని చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, పారేద్దామన్నా చెయ్యి రాలేదు.

అప్పుడు చేశాను నేను ఆ పని. కిందికి దిగి మాస్టారి తలుపు కొట్టాను.

"మాస్టారూ, మీ ఇంట్లో చెత్త ఏమైనా ఉందా?"

ఆయన కళ్లజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూశారు. "ఉంటుందమ్మా, ఎందుకుండదు. ఎలాంటిది కావాలి?"

"ఎటూ పోనిది. కాస్త బరువుండాలి."

ఎందుకని అడగలేదు. లోపలికెళ్లి పట్టీ తెగిన చెప్పు, చెవి విరిగిన కప్పు, ఇంకేవో కాగితంలో పొట్లం కట్టి తెచ్చారు. తేలు కుట్టిన దొంగలా మెట్లెక్కి, పొట్లం విప్పి అంతా బకెట్టు అడుక్కి తోసేశాను. మర్నాడు నేను ఏడు వందల అరవై అని చెబితే మా అమ్మాయి మొహం మాడిపోయింది. "ఎవరు ఏం పారేశారు?" అంది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "సరే, మళ్లీ మొదట్నుంచి" అని రాసింది. నేను వెనక్కి తిరిగి గ్యాసు పొయ్యి తుడుస్తూ నిలబడ్డాను. సంతోషం మొహంలో కనపడితే కష్టమని.

అలా ఏడు ఆదివారాలు సాగింది. శనివారం సాయంత్రానికి మాస్టారు నా కోసం పొట్లం సిద్ధంగా పెట్టేవారు. అంచులు మడిచి, దారం కట్టి, చూస్తే ఎవరికో బహుమతి అనుకోవాలి. "ఈ వారం తక్కువే ఉందమ్మా, ఏమనుకోకు" అనేవారు. తను చెత్త సరిగా పుట్టించలేకపోయినందుకు నిజంగానే నొచ్చుకునేవారు. ఒకసారి, "పోయిన ఆదివారం ఏడు వందలన్నావు. అందులో నా టార్చిలైటే మూడు వందలుంటుంది" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. మా వంటింటి కిటికీ, ఆయన వంటింటి కిటికీ ఒకే సందులోకి తెరుచుకుంటాయి. నా కేక ఆయనకి ప్రతి ఆదివారం వినపడుతూనే ఉందట.

"మీ తూకం అయ్యాకే నేను టీ పెట్టుకుంటానమ్మా. ఆ తర్వాత మళ్లీ ఆదివారం దాకా నాకేం వినపడదు" అన్నారు.

ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు. నా గోల నాది.

ఏడో ఆదివారం మా అమ్మాయి ఓపిక అయిపోయింది. కాటా మీద అంకె చెప్పగానే బకెట్టు దించి, పాత పేపరు పరిచి, అంతా కుమ్మరించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పట్టకారుతో ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది. చీపురు పుల్లలు. తెగిన రబ్బరు. చివరికి పేపరు మీద ఖాళీ మాత్రల అట్టలు మిగిలాయి, తొమ్మిదో పదో. వెలుతురుకి ఎత్తి వెనక ఉన్న పేర్లు చదివింది. దాని చెయ్యి ఆగిపోయింది.

"ఇవి షుగరు మాత్రలు. ఇది గుండెకి." నా వైపు తిరిగింది. "అమ్మా, ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నావు?"

ఆ వారం మాస్టారి పొట్లంలో ఏముందో నేను చూడనే లేదు. మా ఆయన బల్ల పట్టుకుని నిలబడ్డాడు. అబ్బాయి చెప్పులు వేసుకోబోతూ ఆగిపోయాడు. ఎనిమిదీ ఐదైంది. ఎవరూ కదల్లేదు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నన్ను అలా చూసి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు.

నేను నోరు విప్పలేదు. చెత్త మోసుకురావడం పిచ్చిపని, ఒప్పుకుంటాను. అసలు తప్పు మాత్రం ఇదే, ఆ నిమిషాన నోరు మూసుకుని ఊరుకోవడం.

ఆ వారం నా జీవితంలో వేరే. మా ఆయన తోటి ఆపరేటరుని బతిమాలి పగటి డ్యూటీకి మారాడు. అబ్బాయి రోజూ గంట ముందు వచ్చాడు. అమ్మాయి రెండు రోజులు సెలవు పెట్టి నా జడ దువ్వింది. ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడ దాచారో ఇప్పటికీ నాకు తెలియదు. చప్పటి టీ తాగాను, ఉప్పులేని కూర తిన్నాను, కానీ నలుగురం ఒక బల్ల చుట్టూ కూర్చుని తిన్నాం. అబ్బాయి గోదాములో ఎవడో పార్సిలు మీద నిద్రపోతే వాడికే చిరునామా అంటించిన కథ చెప్పాడు. వాడు అంత బాగా కబుర్లు చెబుతాడని నాకు తెలియదు. నవ్వి నవ్వి పొలమారింది. పొలమారితే ముగ్గురూ ఒకేసారి లేచారు.

పరగడుపున రక్తం తీస్తానని అమ్మాయి అంటే, సోమవారం తెల్లారకముందే ఒక బిస్కెట్టు నోట్లో వేసుకున్నాను. మంగళవారం ఇంకోటి. "మర్చిపోయానే" అన్నాను. పాపం నమ్మింది. ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆయన గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఇన్నేళ్లు కాపురం చేసి, నీ ఒంట్లో ఏముందో నేను చెత్త బకెట్లో చూసి తెలుసుకున్నానే. నాకెందుకు చెప్పలేదు?"

ఆయన భుజాలు వంగిపోయి ఉన్నాయి. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. ఇంకొక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు అనుకున్నాను. నాకు నా మీద అసహ్యం వేసింది, అయినా చెప్పలేదు. బుధవారం బిస్కెట్టు తినకుండా చెయ్యి చాపాను.

గురువారం సాయంత్రం అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. ముగ్గురూ బల్ల దగ్గరే ఉన్నారు.

"షుగరు లేదు. గుండెకీ ఏం లేదు. నా రక్తం కంటే అమ్మ రక్తమే బాగుంది" అంది. కాగితం బల్ల మీద పెట్టింది. "మరి ఆ మాత్రలు ఎవరివమ్మా?"

"కింది మాస్టారివి."

"మన బకెట్లోకి ఎలా వచ్చాయి?"

"నేనే తెచ్చాను. ఏడు వారాల నుంచి తెస్తున్నాను."

ముందు మా ఆయన హమ్మయ్య అన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, మొహం రెండు చేతులతో తుడుచుకుని మళ్లీ హమ్మయ్య అన్నాడు. ఆ తర్వాత అబ్బాయికి నవ్వు ఆగలేదు. "పక్కవాళ్ల చెత్త అడుక్కుని తెచ్చావా అమ్మా" అంటూ బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. "ఎందుకు?" అంది.

"అరకిలో లోపు వస్తే తూకం ఆపేద్దామన్నావు కదా. మీరు ముగ్గురూ ఒకచోట నిలబడేది ఆ కాసేపే. అది కూడా పోతే నేనెవరితో ఉండాలి?"

అబ్బాయి నవ్వు ఆపేశాడు. "అడిగితే ఉంటాం కదమ్మా. దీనికింత నాటకం ఎందుకు?"

"అడిగాన్రా. ఎండాకాలంలో మూడు ఆదివారాలు మధ్యాహ్నం కలిసి తిందామని అడిగాను. ముగ్గురూ సరేనన్నారు. ఒక్కరూ రాలేదు. నలుగురికి వండింది మూడుసార్లూ ఎరువు కుండలో పోశాను. అది మిగులు బకెట్లో తూగదు. అందుకే మీకెవరికీ తెలియలేదు."

మా ఆయన బల్ల మీద గీతలేవో వేలితో గీసుకుంటూ కూర్చున్నాడు. అమ్మాయి లేచి వంటింటి తలుపు దగ్గరికి వెళ్లింది. జేబులోంచి రబ్బరు తీసి, కిందివైపున్న ఏడు అంకెలనీ ఒక్కొక్కటిగా చెరపడం మొదలుపెట్టింది.

"ఉండనీవే" అన్నాను.

"శాంపిలే మనది కానప్పుడు రిపోర్టు ఎలా ఉంచుతామమ్మా?" దాని గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇంకా బాధపెట్టింది. మొదటి పొట్లం తెచ్చిన శనివారం, అది వేయకముందు బకెట్టు ఎంత తూగిందని అడిగింది. నాలుగు వందల ఇరవై అని చెప్పాను. అది రాసి, కింద గీత గీసి, "అంటే అప్పుడే గెలిచామన్నమాట" అంది. తర్వాత వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. "తూకం లేకపోయినా ఈ ఆదివారం ఉంటాం. నలుగురం. సరేనా?"

"సరే" అన్నారు మిగతా ఇద్దరూ. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ క్షణాన నిజంగానే అనుకున్నారు.

శుక్రవారం పొద్దున మాస్టారికి రిపోర్టు సంగతి చెప్పి, ఇక పొట్లం అక్కర్లేదన్నాను. "పట్టుబడ్డావా?" అన్నారు. అప్పటికే ఒక పొట్లం కట్టి ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డారు.

శనివారం మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కటీ బయటపడింది. ఆ వారం డ్యూటీ మార్చుకున్న ఆపరేటరుకి మా ఆయన ఆదివారం పగలు బదులు చేయాలి. అబ్బాయి ముందుగా వచ్చేసిన గంటలన్నీ ఆదివారం తెల్లవారుజాము నుంచి పనిచేసి తీర్చాలి. అమ్మాయి రెండు రోజులు సెలవు పెట్టింది కదా, ఆ సెలవుకి మారుగా ఆదివారం ల్యాబు దాని మెడకి పడింది. ముగ్గురూ నాకిచ్చిన వారాన్ని ఈ ఆదివారంలోంచి కోసి తిరిగి ఇస్తున్నారు. ఎవరి మీద కోప్పడను? ఎవరైనా ఒక్కరు తప్పు చేసినా మనసారా తిట్టుకునేదాన్ని.

ఆదివారం అబ్బాయి ఐదింటికి వెళ్లాడు. ఆరున్నరకి మా ఆయన, ఏడింటికి అమ్మాయి. "వచ్చే ఆదివారం తప్పకుండా" అని ముగ్గురూ వేరువేరుగా చెప్పి వెళ్లారు. తలుపు మూడుసార్లు మూసుకుంది.

ఏడూ నలభైకి నేను స్టూలు మీంచి లేచాను. కాటా ఇంకా కొక్కేనికే ఉంది, తీయడం ఎవరికీ గుర్తు లేదు. బకెట్టు నేనే తగిలించాను. కళ్లు మూసుకుని ఒక వేలితో ఎత్తి చూసి, రెండు వందలని పందెం వేశాను. కళ్లు తెరిస్తే నూట ఎనభై ఉంది. ఇంత తక్కువ ఎన్నడూ రాలేదు. బిస్కెట్లు కొనలేదు, మిఠాయి తేలేదు, నాకు ఉప్పులేని కూర పెట్టిన వారం మరి.

ఎవరికి చెప్పాలి? ఊరికే నిలబడి ఉండగా నోరు దానంతట అదే తెరుచుకుంది. ఏడాది అలవాటు.

"నూట ఎనభై" అన్నాను, గట్టిగా, స్నానాల గదిలో ఉన్నవాడికి కూడా వినపడేలా.

స్నానాల గదిలో కుళాయి చుక్క పడింది. బకెట్టు కాటాకి మెల్లగా ఊగుతోంది. ఆ పిలుపు పిలిచినందుకు నా మీద నాకే కోపం వచ్చింది, బకెట్టు దించబోయాను.

కిటికీ సందులోంచి, కింది నుంచి ఒక గొంతు వచ్చింది. "ఎంతన్నావమ్మా?"

కిటికీ దగ్గరికి వెళ్లాను. "నూట ఎనభై, మాస్టారూ."

కింద ఏదో సొరుగు లాగిన చప్పుడైంది. పెన్సిలు వెతుక్కుంటున్నారేమో.

"రాశాను" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ మాట నా ఇంట్లోంచి రావాల్సింది. కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు సర్దుకుని అడిగాను. "వచ్చే వారం కూడా చెప్పనా?"

"చెప్పమ్మా. నేనెక్కడికి వెళ్తాను, ఇంట్లోనే ఉంటా."